రెండు ఒడులు

మార్చి పధ్నాలుగు, గురువారం, ఉదయం పదిన్నర. హాజరైనవారు: అక్క, చెల్లెలు, పద్దెనిమిదేళ్ళ బూడిదరంగు పిల్లి, వైద్యుడు.

మోకాలి మీద ఆనించిన కాగితంపై ఇంతవరకు రాసి, ఇళ్ళకు వచ్చి చూసే ఆ పశువైద్యుడు కలం ఆపాడు. ముప్పయ్యేళ్ళుగా అతడు పరుల ఇళ్ళను నేలమీద కూర్చునే చూశాడు. కుర్చీల కోళ్ళు, మనుషుల మడమలు, మంచాల కింది దుమ్ము అతడికి ముఖాలకంటే బాగా గుర్తు.

ఈ గదిలో రెండు కుర్చీలు ఎదురెదురు గోడలను ఆనుకుని ఉంటాయి. నడుమ, సరిగ్గా సగానికి, పిల్లి పడుకునే మెత్త. తల్లి వాడిన కుట్టుమిషనును చెల్లెలు అమ్మేసిన నాటినుంచి, అంటే తొమ్మిదేళ్ళుగా, అక్కచెల్లెళ్ళకు మాటల్లేవు. చెప్పుకోవలసినవన్నీ పిల్లితోనే చెప్పించుకునేవారు.

"ఒరేయ్ నాన్నా, దానికి చెప్పు, రాత్రంతా నువ్వు మూలుగుతుంటే గురకపెట్టి నిద్రపోయిందని," అంది అక్క.

"గురక నాది కాదని చెప్పరా. ఆవిడ గురకకి ఆవిడే ఉలిక్కిపడి లేచిందని చెప్పు."

పిల్లి చెవి కూడా కదపలేదు. అతడు స్టెతస్కోపు బిళ్ళను అరచేతిలో వెచ్చచేసి, దాని పక్కటెముకల మీద ఆనించాడు. మూత్రపిండాలు మొరాయించి వారమైంది. ఒళ్ళు దూదిపింజలా తేలిపోతోంది.

"ఇంక బాధపెట్టొద్దమ్మా. ముందు మత్తు ఇస్తాను. నిద్రపోయాకే రెండోది. దానికేం తెలియదు."

ఇద్దరూ, ఒకరినొకరు చూసుకోకుండానే, తలూపారు.

"మరి రేపట్నుంచి..." అంటూ అక్క పిల్లి వైపు చూసి ఆగిపోయింది.

ఆ మాటకు తరువాయి అతడికి తెలుసు. భార్య పోయాక తన ఇంట్లో ఒక ముసలి కుక్క మిగిలింది. అదీ పోయినప్పటినుంచి, ఏదో ఒక గుమ్మం ముందు నిలబడి "ఎవరండీ ఇంట్లో" అని పిలిచేదాకా అతడి గొంతు పెగిలేది కాదు.

ఏ ఇంట్లోనైనా ఈ ఘట్టంలో అతడు అడిగేది ఒక్కటే: ఎవరు ఒళ్ళో పడుకోబెట్టుకుంటారని. ఈరోజు అడగలేదు.

"ఒక ఒడి చాలదమ్మా," అన్నాడు. "తల ఒకరి దగ్గర, వెనక కాళ్ళు ఒకరి దగ్గర ఉండాలి. కుర్చీలు కలపండి."

ముప్పయ్యేళ్ళ వృత్తిలో అతడాడిన అబద్ధం అదొక్కటే.

కుర్చీలు గచ్చు మీద కిర్రుమంటూ జరిగాయి. మోకాళ్ళు తగిలాయి. పిల్లి రెండు ఒడుల మీదుగా పొడుగ్గా ఒరిగి, మత్తులోకి జారుకుంది. రెండో సూది తరువాత అతడు చాలాసేపు విని, చెవుల్లోంచి గొట్టాలు తీశాడు. దాని వీపు నిమురుతున్న చేతులు ఒకచోట తారసపడ్డాయి. ఏ చెయ్యీ వెనక్కి పోలేదు.

చివరన అక్కడున్నవారి చేత సంతకం పెట్టించుకోవడం అతడి పద్ధతి. అక్క పెట్టి, కలం ఎత్తి, "ఒరేయ్ నాన్నా, దానికి..." అంటూ ఒడిలోకి చూసింది.

కావాలంటే ఆ కబురు చెల్లెలికి వైద్యుడే అందించగలడు. అతడు తలవంచుకుని, సంచి జిప్పు సవరించుకుంటూ ఉండిపోయాడు.

అక్క చెల్లెలి వైపు తిరిగింది. "ఏమే," అంది, కలం పక్కకు చాపి. "కింద నువ్వు పెట్టు."

"కళ్ళజోడు లోపల ఉందక్కా. ఎక్కడో చూపించు."

అక్క ఆ చోటున వేలు ఉంచింది. దాని పక్కనే చెల్లెలు సంతకం చేసింది.

అతడు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, సంచి లోపలి అరలో భద్రపరిచాడు. గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ ఒకసారి వెనక్కి చూశాడు. గది నడుమ ఆ మెత్త, పిల్లి పడుకున్నంత మేర గుంటపడి, ఇంకా పైకి ఉబ్బలేదు.