గేటమ్మ మార్చిన అడ్రసు

ఆసుపత్రి కంప్యూటర్ల విభాగంలో అందరూ ఆమెను గేటమ్మ అంటారు. ఊరికే అనరు లెండి. ఆసుపత్రి సొంత క్లౌడ్‌లో నడిచే మెషిన్లు ఇంటర్నెట్‌కి నేరుగా వెళ్ళవు. అన్నీ ఈవిడ చూసుకునే గేట్‌వే గుండా, బయటివాళ్ళు ఆసుపత్రిని గుర్తుపట్టే ఒకే అడ్రసుతో బయటికి పోవాలి. ఈవిడ ఊఁ అంటేనే ఏ మెషినైనా గడప దాటేది.

ఆ పొద్దున పాత గేట్‌వే స్థానంలో, కొత్త అడ్రసుతో కొత్తది పెట్టింది. మెషిన్లు చక్కగా బయటికి వెళ్తున్నాయి. "హమ్మయ్య, ఒక పనైపోయింది" అనుకుని పాతదాన్ని తీసేసి, దాని అడ్రసును లైను ఇచ్చే కంపెనీకి వదిలేసింది. అదిగో, కొంప అక్కడే మునిగింది.

పదిన్నరకి ల్యాబ్ నుంచి ఫోను. దానం చేసిన అవయవాలు ఎవరికివ్వాలో తేల్చే రిజిస్ట్రీ మన రిపోర్టులు తీసుకోవడం లేదట. ఆ రోజు ఎక్కడో ఒక కిడ్నీ దొరికింది. అది ఎవరికి సరిపోతుందో తేల్చే రక్తపరీక్షల రిపోర్టులు పన్నెండులోపు అక్కడికి చేరాలి. చేరనివాళ్ళ పేరు లెక్కలోకే రాదు. ఆ రిపోర్టుల్లో గేటమ్మ తమ్ముడిదీ ఉంది. మూడేళ్ళుగా డయాలసిస్ మీదే ఈడ్చుకొస్తున్నాడు వాడు.

"మన వైపు అంతా బాగానే ఉందండీ. సమస్య వాళ్ళ వైపే" అంది గేటమ్మ, ఏమీ చూడకుండానే.

ఈ ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళ నోటికి ముందొచ్చే మాట అదే కదా! విభాగం పెద్దసారుకీ అదే చెప్పింది. కింద డయాలసిస్ హాల్లో తమ్ముడి పక్కన కూర్చున్న మరదలికీ అదే చెప్పింది.

పదకొండున్నరకి చటుక్కున గుర్తొచ్చింది. ఈ ఆసుపత్రి నుంచి పాత అడ్రసుతో వచ్చేవాటిని తప్ప రిజిస్ట్రీ దేన్నీ లోపలికి రానివ్వదు. ఆ ఏర్పాటు కోసం దరఖాస్తు పెట్టింది తనే. లైను ఇచ్చే కంపెనీని బతిమాలింది. పాత అడ్రసు అప్పటికే ఇంకెవరికో వెళ్ళిపోయిందన్నారు. వెంటనే రిజిస్ట్రీకి ఫోన్ చేసింది.

"కొత్తది చేరుస్తామమ్మా. ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో రాసి, మీ పెద్దసారు సంతకంతో పంపండి."

ఉత్తరం రాసుకుని పెద్దసారు గదిలోకి పరుగెత్తింది. "తప్పు వాళ్ళది కాదు సార్, నాదే. పొద్దున నేనే తీసేశాను."

"గంట నుంచి నాచేత వాళ్ళని తిట్టించావు కదమ్మా!" అని ఆయన మండిపడ్డాడు. మండిపడుతూనే సంతకం పెట్టాడు.

ఉత్తరం చూసి రిజిస్ట్రీ కొత్త అడ్రసును చేర్చుకుంది; పదకొండు యాభై ఆరుకి రిపోర్టులు కదిలాయి. మొత్తం పదకొండు. ఒకటి వెళ్తేగానీ ఇంకోటి కదలదు. "దేవుడా, వాడిది, వాడిది ఒక్కటి వెళ్ళనీ" అని తెరకేసి దండం పెట్టింది. ఎనిమిదోది తమ్ముడిది. వెళ్ళింది! వెక్కివెక్కి ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని చూసేసరికి పన్నెండయింది. మిగతా మూడింటినీ రిజిస్ట్రీ తిప్పి పంపేసింది.

హాల్లో మరదలు వాటేసుకుంది. "వదినా, అంతా నీ చలవే!"

పక్క కుర్చీలో ఒక పెద్దావిడ, కొడుకు చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ గేటమ్మ చెయ్యి పట్టుకుని అడిగింది. "మా వాడిది కూడా వెళ్ళిందా తల్లీ?"

ఆవిడ కొడుకుది తొమ్మిదోది. "సమస్య వాళ్ళ వైపు" అన్న మాట గేటమ్మ నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.

"లేదు పెద్దమ్మా. నా తప్పు వల్లే ఆగిపోయింది. తప్పు నాదేమోనని పదిన్నరకే చూసుకుని, ఒప్పుకుని ఉంటే వెళ్ళేది."

పెద్దావిడకి కోపం కూడా రాలేదు.

"మరి అప్పుడే ఎందుకు ఒప్పుకోలేదమ్మా?" అని అడిగింది.