మద్దిలేటమ్మ షెడ్డులో వాము నూనె

నేను ఒక లీటరు వాము నూనెను. లీటరే కదా అని పెదవి విరవకండి. అర క్వింటాలు గింజలకు ఆవిరి పట్టిస్తే దిగినదాన్ని. చేలో ఉన్నప్పుడు నా ఘాటు పురుగుల్ని దగ్గరికి రానివ్వకుండా మొక్కను కాచేది. అలాంటి నన్ను బ్రాయిలర్ కోడిపిల్లల కడుపు కాయమని కర్నూలు దగ్గరి పల్లెలో మద్దిలేటమ్మ చేతికిచ్చారు. ఈ మనుషులకు ఎలా తోస్తాయో ఇవన్నీ, నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆమె షెడ్డులో కిందటి రెండు విడతలూ పలచటి రెట్టలు పట్టుకుని వందల పిల్లలు రాలిపోయాయట. ఈసారి రెండున్నర వేల పిల్లల్ని దించుతూ ఆమె భర్త హుస్సేనప్ప తేల్చి చెప్పాడు.

"ఈ తూరి గూడా పోతే షెడ్డు మూసేద్దాం మే. పొద్దున్నే లేసి సచ్చినవాటిని ఏరేది నాతోన కాదు."

ఆమె దాణా బస్తా విప్పింది. బస్తా దాణాకు ఒక్క చెంచా అని నా సీసా మీద రాసి ఉంది. కానీ ఆమె కూరలో ఉప్పు ఏనాడూ కొలిచి వేసిన మనిషి కాదు. పైగా బిడ్డల కడుపునొప్పికి వాము నమిలించి పెంచిన తల్లి.

"రోంత ఎక్కువైతే ఏమైతాది, వామే గదా" అంటూ సీసా వంచేసింది.

పిల్లలు తొట్టి దగ్గరికొచ్చి, ముక్కు పెట్టి, తల విదిలించి వెనక్కి పోయాయి. సాయంత్రమైనా ఒక్కటీ గింజ ముట్టలేదు. బతికించమని తెస్తే ఆకలితో చంపుతున్నానే అని సిగ్గుపడ్డాను.

ఆమె తొట్లన్నీ బోర్లించింది. ఆ దాణాలో నేను కలవని దాణా మరో నాలుగు బస్తాలు పోసి, మోకాళ్ల మీద కూర్చుని చేతులతోనే కలిపింది. అరచేతులు భగభగ మండాయి. పిల్లలు తిన్నాయి.

అప్పుడు చూశాను వింత. గుప్పిట్లో పట్టే ప్రాణం, నాలుగు వారాలు తిరక్కుండానే రెండు చేతులా ఎత్తాల్సినంత కోడి అయింది. కింద పరిచిన వరిపొట్టు పొడిగా ఉంది. హుస్సేనప్ప పొద్దున్నే బకెట్ పట్టుకుని లోపలికెళ్లి, చాలా రోజులు ఖాళీ బకెట్‌తోనే తిరిగొచ్చాడు. అంతా నా గొప్పే అనను. పొట్టు తిరగేసిందీ, నీళ్ల గిన్నెలు పూటపూటా కడిగిందీ ఆమే.

నలభై రెండో రోజు కోళ్లను కోతకు తీసుకెళ్లే లారీ వచ్చింది. ఇంత పోరాటమూ దీనికోసమా అనుకున్నాను. హుస్సేనప్ప కోళ్లను ఎక్కిస్తూ, "షెడ్డు మూసే మాట ఇంగ ఎత్తనులే" అన్నాడు.

మద్దిలేటమ్మ చివరి పెట్టె మీద చెయ్యి వేసి, "రోగంతో పోల్యా ఇవి, అది సాలు" అంది. కళ్లు తుడుచుకుని, రాబోయే పిల్లల కోసం షెడ్డు ఊడవడానికి చీపురు తీసుకుంది.

సీసా అడుగున నేను కాస్త మిగిలి ఉన్నాను. ఆమెకు దణ్ణం పెట్టాలని ఉంది, చేతులే లేవు.