ఆటలో వండిన పులుసు

"మమ్మీ, నువ్వు పులుసు వండు, మేం గుహలకు పోతం," అంది అశ్రిత ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. ఆదివారం పొద్దున పాత ట్యాబ్ ఒకటి నా చేతిలో పెట్టి, తన అడవి ఆటలోకి నన్నూ లాగింది. తొమ్మిదో తరగతి పిల్ల అమ్మను ఆటకు పిలవడమే గొప్ప అనుకున్నాను. లోపల మటన్ ఉడుకుతుంటే సోఫా అంచున కూర్చున్నాను.

ఆ ఆటలో చెట్లు కొట్టాలి, గుడిసె వేసుకోవాలి, ఏదో ఒకటి తిని బతకాలి. తెర మూలన ప్రతి మనిషికీ ఆకలి గీత ఒకటి ఉంటుంది. తినకపోతే అది తరిగిపోతుంది. నేను పుట్టగొడుగులు ఏరి, కుందేలును పట్టి, ఆలుగడ్డలు తవ్వి కుండ పొయ్యి మీద పెట్టాను. బుడగలు లేస్తే నిజంగానే సంబరపడ్డాను. గుహలోంచి వచ్చిన అశ్రిత, ఎవరిళ్లలోంచి వాళ్లు ఆడుతున్న తన స్నేహితురాళ్లు గిన్నెలు పట్టారు. "మస్తుంది ఆంటీ!" అంది స్పీకర్‌లో ఓ పిల్ల. మా ఇంట్లో ఉప్పు తగ్గితే చెప్తారు, బాగుంటే తిని లేస్తారు. ఆ ఒక్క మాటకు మురిసిపోయి కుండలో ఉన్నదంతా వాళ్లకే పోశాను. మళ్లీ కుందేళ్ల కోసం కదిలానో లేదో, తెర ఎర్రబడి నా బొమ్మ కూలిపోయింది.

"మమ్మీ, సచ్చిపోయినవ్!"

"ఎట్లనే? ఏ జంతువూ రాలే గదా?"

"జంతువేంది? ఆకలితోని సచ్చిపోయినవ్. నీకు ఉంచుకోలేదా?"

పిల్లలు పకపకా నవ్వారు. పక్కనే పేపరు చదువుతున్న మా ఆయన శ్రవణ్ కూడా నవ్వాడు. "కుండ ముందల కూసొని ఆకలితోని సచ్చిందా మీ అమ్మ? గా ఆటల గూడ తెలివి లేదు!" నవ్వకపోతే బాగుండదని నేనూ నవ్వాను. అశ్రిత మాత్రం నవ్వు ఆపి, మెల్లగా అంది.

"ఇంట్ల గూడ గంతే గదా మమ్మీ నువ్వు."

చెవులు వేడెక్కాయి. సింకు దగ్గర నిలబడి గిన్నె అడుగున మిగిలిన అన్నం కలుపుకుని తినడం ఎవరి కంటా పడలేదనుకునేదాన్ని. మొన్న శామీర్‌పేటలో పెళ్లికి పోయి, పొద్దున్నుంచి ఏమీ తినక కళ్లు తిరిగి పడిపోయాను. "తిండి పెడ్తలేమనుకుంటరు నలుగురు. మా ఇజ్జత్ దీసినవ్," అంది మా అత్త ఇందిరమ్మ. తిననందుకు కాదు, పడిపోయినందుకు సిగ్గుపడ్డాను. అప్పుడు నా నోట్లో నీళ్లు పోసింది ఈ పిల్లే.

మధ్యాహ్నం శ్రవణ్‌తో ప్లాట్ల వ్యాపారం చేసే జైపాల్ భోజనానికి వచ్చాడు. అత్తమ్మ మగవాళ్లిద్దరికీ కంచాలు పెట్టింది. ఎవరూ చెప్పకుండానే అశ్రిత కూర గిన్నె పట్టుకుని వాళ్ల పక్కన నిలబడింది.

"నువ్వు తినవా తల్లీ?" అని జైపాల్ అడిగాడు.

"నేను తర్వాత మమ్మీతోని తింట అంకుల్."

నేనెప్పుడూ దానికి అట్లా చెప్పలేదు. చూసి నేర్చుకుంది. ఆ క్షణంలో పట్టిన సిగ్గు ముందు, పెళ్లిలో పడ్డ సిగ్గు ఏపాటిది? దాని చేతిలోంచి గిన్నె తీసుకున్నాను. ఇంకో రెండు కంచాలు తెచ్చి బల్ల మీద పెట్టాను. దాన్ని కూర్చోబెట్టి, పక్కన నేనూ కూర్చున్నాను.

"ఏందే గిది? మొగోళ్లు తినకముందే?" అత్తమ్మ గొంతు లేచింది. శ్రవణ్ చెయ్యి కంచంలోనే ఆగింది.

"ఆకలైతాంది అత్తమ్మా," అన్నాను.

ఈ ఇంటికి వచ్చాక ఆ మాట అనడం అదే మొదలు. తల ఎత్తలేకపోయాను. తల వంచుకునే మొదటి ముద్ద కలిపాను.