మరక లేని చీర

కంచె మీద తడి చీర.

తూర్పు నుంచి సముద్రపు గాలి. గాలి దూరినప్పుడల్లా చీర ఉబ్బుతుంది... నిండు కడుపులా. గాలి తగ్గగానే ముళ్లకు అతుక్కుపోతుంది.

బోగోలు పక్కన ఆ ఊళ్లో కంచె వైపు చూస్తే చాలు. మాలకొండమ్మ బయట చేరిందని వీధంతా తెలిసిపోతుంది. ఆడదాని ఒంటి సంగతికి ఇంత చాటింపు ఇంకే ఊళ్లోనైనా ఉందో లేదో!

ఆ చీరకు మరక లేదు.

మరక లేని చీరనే ఆమె బండ మీద బాది బాది ఉతికింది.

నయాపైసలు వచ్చిన ఏడు ఆమె పెళ్లి. కాపురానికి వచ్చిన కొత్తలోనే నెల తప్పింది. పై నెలా తప్పింది. అత్త వెంకటశేషమ్మ సంబరానికి పట్టపగ్గాల్లేవు. పచ్చి మామిడికాయలు కోయించింది. బిందె ఎత్తనివ్వలేదు. తర్వాత ఒక పొద్దున, వేరుశనగ చాళ్ల మధ్య, చీరంతా తడిసిపోయింది. కడుపు పోయిందని ఇల్లంతా ఏడ్చింది.

మాలకొండమ్మ కూడా ఏడ్చింది.

మరుసటి ఏడూ అంతే. ఆశ... మామిడికాయ... ఏడుపు. అసలది కడుపే కాదని, రెండుసార్లూ ముట్టే ఆలస్యమైందని మంత్రసాని తేల్చింది.

ఆ తర్వాత మళ్లీ నెల తప్పినప్పుడు ఆమెకు భయం వేసింది. అత్త కళ్లల్లో మళ్లీ ఆ వెలుగు చూడాల్సి వస్తుందని భయం. చాప చంకన పెట్టుకుని పక్క వసారాలోకి వెళ్లి కూర్చుంది.

"బయట చేరినానత్తా."

అబద్ధం అంత సులువుగా వస్తుందని ఆమె అనుకోలేదు.

అప్పటి నుంచి అబద్ధం నెలనెలా వస్తోంది. నిజం మాత్రం దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది. ఉగాదికి వస్తే మళ్లీ దసరాకు. అప్పుడు నిజాన్ని దాచుకుంటుంది. గడ్డం కింద మొలిచే వెంట్రుకలను బూడిద అద్ది పీకి, వాటినీ దాచుకుంటుంది.

ఉన్నది ఒక్క ఒళ్లు. అందులో ఎన్ని దాచాలి?

బిడ్డ లేదు. భర్తకు మేనమామ కూతురైన జయశీలను రెండో పెళ్లాంగా తెద్దామన్న మాట ఇంట్లో మొదలైంది. అలా చేసుకోకూడదని చట్టం వచ్చిందట. వస్తే వచ్చింది... ఈ ఇసక దాటి ఇంకా రాలేదు. భర్త హజరత్తయ్య ఔననడు, కాదనడు. ఎద్దులకు మేత వేస్తాడు.

అడ్డుపడింది అత్తే.

"ముందు నెల్లూరు తీసకపోయి చూపిద్దాం. నాకు మాత్రం వెంటనే పుట్టినాడా వీడు? దర్గాకు మొక్కుకుంటే గదా పుట్టినాడు!"

ఆసుపత్రిలో డాక్టరు ఎలిశబెతు గారి చూపు మాలకొండమ్మ గడ్డం కింద ఆగింది.

"నెలనెలా సరిగా వస్తుందామ్మా?"

మాలకొండమ్మ నోరు తెరిచింది.

"తప్పదు డాక్టరమ్మా!" అత్త అందుకుంది. "రోజులు లెక్కపెట్టేది నేనే గదా. కంచె మీద చీర నేను చూడనా?"

ఆ గొంతులో గర్వం. కోడలి తరఫున సాక్ష్యం చెబుతున్న గర్వం.

"నెలలు తప్పుతూ, ఇలా వెంట్రుకలు వచ్చేవాళ్లకు అండాశయాల్లో నీటి బుడగలుంటాయి. వాళ్లకు గర్భం రావడం కష్టం. అసలు రాదని కాదు. మద్రాసులో ఆపరేషన్ చేస్తున్నారు, కొందరికి పిల్లలు పుట్టారు కూడా," అన్నారు డాక్టరు గారు. "నీకు సరిగానే వస్తోందంటున్నారు కాబట్టి అది కాదు. ఈసారి మీ ఆయన్ని తీసుకురా."

మద్రాసు...

తన కోసమే చెప్పిన మాట. తనది కాకుండా పోయిన మాట.

చెబితే మద్రాసు. కానీ చెబితే జయశీల కూడా. ఇన్నేళ్లు ఇంటిల్లిపాదినీ మోసం చేసిన కోడలిని ఆపరేషనుకు ఎవరు పంపుతారు? చెప్పకపోతే లోపం హజరత్తయ్యది అవుతుంది. పాపం, ఎద్దులకు మేత వేసుకునే మనిషి.

బస్సులో వెంకటశేషమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది.

"నీలో లోపం లేదమ్మే. ఇంక ఆ పిల్ల మాట ఎవురెత్తినా నేనూరుకోను. లోపం... నా కొడుకుదే."

చివరి మాట కిటికీ వైపు తిరిగి అంది. అయినా చెయ్యి వదల్లేదు.

తిట్టినా బాగుండేది. కొట్టినా బాగుండేది.

రెండు రోజులకు ఆమె లేచేసరికి పక్క వసారాలో చాప పరిచి ఉంది. చెంబుతో నీళ్లు కూడా.

"ఈరోజే గదా. కూచో తల్లీ, అలిసిపోయినావు."

"అత్తా..."

"ఏందమ్మే?"

గాలి. సముద్రం హోరు. వెంకటశేషమ్మ ముఖంలో కొత్తగా వచ్చిన ప్రేమ.

మాలకొండమ్మ చాప మీద కూర్చుంది.

నాలుగో నాడు, కంచె మీద తడి చీర.

వెంకటశేషమ్మ వచ్చింది. జారిపోతున్న చెంగును అందుకుని, గాలికి ఎగిరిపోకుండా, ముల్లుకు గట్టిగా తగిలించింది.

చీర ఉబ్బుతోంది...

మళ్లీ అతుక్కుపోతోంది.