పాటలో వెళ్ళిపోయిన ఇల్లాలు

వెర్లన్ పెళ్ళాం పశువుల దాణా అమ్మేవాడితో లేచిపోయిందట. పక్కవీధి మాడీన్ అన్నదని పోస్టాఫీసులో చెప్పుకున్నారు. నువ్వు చూశావా అని ఎవరో ఆమెని అడిగితే, "కట్టుకున్నవాడే రేడియోలో ఏడుస్తుంటే నేను చూడటం దేనికి?" అన్నదట.

రేడియోలో వచ్చే ఆ పాట వెర్లన్‌దే. ఓక్లహోమా నుంచి కాలిఫోర్నియాకి పదిహేనేళ్ళుగా లారీ తోలుతూ, స్టీరింగు మీద తాళం వేసుకుంటూ కట్టిన పాటల్లో అదొకటి. టల్సా పట్నంలో పాటల రికార్డులు తీసేవాడు మొదట విని పెదవి విరిచాడు.

"ఇంట్లో పెళ్ళాం వేడివేడిగా వండి ఎదురుచూస్తుంటే లారీవాడి మీద ఎవడికయ్యా జాలి?"

వెర్లన్ అక్కడికక్కడే ఒక చరణం మార్చాడు. పాటలో భార్య వెళ్ళిపోయింది.

అసలు భార్య ఓర్ఫా సరిగ్గా ఆ పాట రేడియోలో మోగుతున్నప్పుడే చెల్లెలి పురుటికి విచిటా వెళ్ళింది. ఊరు ఆ పాటనీ, ఈ ప్రయాణాన్నీ కలిపి చూసుకుంది. కష్టమొచ్చిన ఇంటికి వండి పంపకుండా ఉండలేని ఊరది. వెర్లన్ శనివారం ఇల్లు చేరేసరికి వరండాలో గాజు పళ్ళేల నిండా కోడిమాంసం, నూడుల్స్, బీన్సు. ప్రతి పళ్ళెం అడుగునా పంపినావిడ పేరు రాసిన టేపు ముక్క. మూడు శనివారాలు కడుపునిండా తిన్నాడు. ఎవరితోనూ ఏమీ అనలేదు.

ఓర్ఫా వచ్చి వంటింట్లో ఆ పళ్ళేలు చూసి, "ఎవరు పోయారు?" అంది.

అతను నేల చూస్తూ చెప్పాడు. ఆమె చివరిదాకా వింది.

"కడుగు. నువ్వే ఇచ్చి రా. ఇచ్చేచోటల్లా ఉన్నమాట చెప్పు."

మాడీన్ ఇంట్లో నలుగురు ఆడవాళ్ళు బొంత కుడుతున్నారు. వెర్లన్ మాడీన్ పంపిన రెండు పళ్ళేల్లో ఒకటి వాకిట్లో లారీలోనే వదిలేసి, ఇంకొకటి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"పొద్దున ఓర్ఫాని చూశాను," అంది మాడీన్. "తిరిగొచ్చిందన్నమాట."

"వచ్చింది."

"నువ్వు రానిచ్చావా, నాయనా?"

చెప్పాల్సిన మాట దారంతా అనుకుంటూనే వచ్చాడు. నలుగురూ సూదులాపి జాలిగా చూశారు.

"రానిచ్చాను," అన్నాడు.

"ఎంత మనసయ్యా నీది," అంది ఒకావిడ, కళ్ళొత్తుకుంటూ. వెర్లన్‌కి చెవులు కాలిపోయాయి. తల ఎత్తలేకపోయాడు.

అతని వెనకే తలుపు చప్పుడైంది. లారీలో వదిలేసిన పళ్ళెంతో ఓర్ఫా, వెనకాలే నడిచొచ్చి అంతా వింది. దాన్ని బల్లమీద పెట్టి, మాడీన్ వైపు తిరిగింది.

"నేనెవరితోనూ పోలేదు. నన్ను పంపేసింది ఈయనే, పాట అమ్ముడుపోతుందని. మీ వంటలు తిన్నదీ ఈయనే. కాదంటాడేమో అడగండి."