ఏడు మెట్ల గురువు గొంతు

సినిమా మొదలైన ఇరవై మూడో నిమిషంలో తెల్లగడ్డం గురువు కొండమెట్లు దిగి వస్తాడు. ఎదురుపడ్డ శిష్యుణ్ణి కర్రతో ఒక్క పోటు పొడిచి, "ఏంరా, యాడికి పోతా ఉండావు? ఈడ నిలబడు!" అని గద్దిస్తాడు. ఆ గద్దింపు ఢిల్లీబాబుది.

సినిమా పేరు 'ఏడు మెట్ల గురువు'. హాంకాంగ్‌లో తీసింది. అందులో కొట్టేవాళ్ళూ తన్నించుకునేవాళ్ళూ అందరూ చైనావాళ్ళే, గురువు గొంతు ఒక్కటే నగరి మగ్గాల వీధిది. ముప్పై ఐదేళ్ళ కిందట ఢిల్లీబాబు మద్రాసులో ఒక డబ్బింగ్ థియేటర్లో రీలు డబ్బాలు మోసే పనికి కుదిరాడు. గురువుకు గొంతివ్వాల్సిన పెద్దమనిషి ఒక రోజు రానే లేదు. మేనేజరు చూసి చూసి విసుగెత్తి, "నువ్వు పిలిస్తే వీధి చివర కుక్క కూడా లేస్తుంది కదరా, పో, నువ్వే చెప్పు" అన్నాడు. లేవదా మరి! ఇరవై మరమగ్గాలు టకటకా కొట్టుకునే షెడ్డులో పుట్టి పెరిగిన మనిషి. అక్కడ పక్కవాణ్ణి మంచినీళ్ళు అడగాలన్నా అరవాల్సిందే. ఢిల్లీబాబు మైకు ముందు నిలబడి, తనకొచ్చిన తెలుగులోనే చైనా గురువు చేత పాఠాలు చెప్పించాడు. అదే మొదలు, అదే చివర. ఆ మరుసటేడు నాయన మంచాన పడితే ఊరికొచ్చేసి మగ్గం ఎక్కాడు.

అప్పటినుంచీ దూది దుమ్ము, బీడీలు. మూడేళ్ళ కిందట గొంతు బొంగురుపోయింది. జలుబే అనుకున్నారు. వేలూరు పెద్దాసుపత్రికి పోయేసరికి ఆలస్యమైంది. గొంతుపెట్టె మొత్తం తీసేస్తే గానీ ప్రాణం దక్కదన్నారు. ప్రాణం దక్కింది. మెడ కింద చిల్లు, దాని మీద పలచటి గుడ్డ, చేతిలో పిల్లలు రాసుకునే పలక. అరవై ఏళ్ళ మనిషి బలపంతో అన్నం అడుగుతుంటే భార్య మునిలక్ష్మి వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకునేది.

ఆమెకు ఇంకో బాధ కూడా ఉండేది. మొగుడి గొంతు ఎక్కడా దాచుకోలేదే అని. పెళ్ళి వీడియో ఉంది గానీ, దాన్ని తీసినవాడు మాటలన్నీ చెరిపేసి సినిమా పాటలు పెట్టాడు, వాడి తెలివి మండ! ఇంట్లో ఉన్నది నొక్కుడు ఫోను. ఇంక ఎక్కడి నుంచి వస్తుంది గొంతు?

అలాంటి ఇంట్లోకి ఎనిమిది నెలల కిందట పక్కింటి మురుగేష్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. మరమగ్గాల సంఘానికి అతనే పెద్ద. చేతిలో ఫోను. "వదినా! అన్నా! ఇది ఎవురో సూడండి!" అన్నాడు. నాయుడుపేటలో ఒకప్పుడు వీడియో షాపు నడిపిన విజయ్ కుమార్ అనే ఆయన పాత క్యాసెట్లలోని సినిమాలు యూట్యూబులో పెడుతున్నాడట. అందులో ఇది ఉంది. గురువు నోరు తెరిచాడు. మునిలక్ష్మి చేటలోని బియ్యం నేలపాలు చేసి, గోడకు ఆనుకుని కూలబడింది. "మామా," అని ఏడ్చింది, "అట్లే ఉండాది మామా, అట్లే ఉండాది."

వారం తిరక్కుండా కొత్త ఫోను కొన్నారు. రోజూ మధ్యాహ్నం మగ్గాలు ఆగే వేళకు మునిలక్ష్మి అన్నం వడ్డించి, ఫోను చెంబుకు ఆనించి పెట్టేది. గురువు మాట్లాడేది అంతా కలిపితే పద్నాలుగు నిమిషాలు. ఆ పద్నాలుగు నిమిషాలు ఆమెకు కంఠతా వచ్చేశాయి. చైనావాడు తిడుతుంటే ఈమె నవ్వుకుంటూ చారు పోసేది. ఢిల్లీబాబు తలవంచుకుని తినేవాడు గానీ, లోపల ఎంత సంతోషపడేవాడో పైవాడికే తెలియాలి. చచ్చాక కూడా ఇది ఉంటుంది, ఈమె ఒంటరిగా కూచున్నా ఇది మాట్లాడుతుంది అనుకునేవాడు. ఆయన దాచిపెట్టిన ఆస్తి అంటూ ఏదైనా ఉంటే అదొక్కటే.

ఇక సినిమా కింద జనం రాసిన మాటలు. మూడువందల పన్నెండు. ఢిల్లీబాబు ఒక్కటీ వదలకుండా చదివాడు. 'చైనాలో కూడా చిత్తూరు జిల్లా ఉందా నాయనా' అని ఒకడు. 'ఫైట్లు అదుర్స్, డబ్బింగ్ దరిద్రం, సౌండు తీసేసి చూడండి' అని ఇంకొకడు. 'ఆ కాలంలో తాడు కట్టకుండా ఎగిరేవాళ్ళు, ఇప్పటి హీరోలు నేర్చుకోవాలి' అని ఒక పెద్దాయన మూడు పేరాల ఉపన్యాసం. పాకాల నుంచి ఒకతను, 'చిన్నప్పుడు మా నాయన భుజాల మీద కూచుని టెంటులో చూశాను. ఈ గురువు మా తాత మాదిరి మాట్లాడతాడని రెండోసారి కూడా పోయినాం' అని రాశాడు. ఢిల్లీబాబు దాన్ని పదిసార్లు చదివాడు. 'ఆ గొంతు నాదే' అని కింద రాద్దామని ఒకసారి టైపు చేశాడు కూడా. సిగ్గేసి చెరిపేశాడు.

అన్నిటికీ పైన మాత్రం ఇంకొకటి కూచుని ఉండేది. 'గురువుకి డబ్బింగ్ చెప్పినోడు ఎవడో గానీ, వాడి గొంతులో పుండు పుట్టి ఊడిపోను. మంచి సినిమా నాశనం చేశాడు.' దానికి ఆరువందల నలభైమంది మెచ్చుకోలు. రాసినవాడికి ఏం తెలుసు పాపం? నోటి తీట. పని లేని వేళ అలా అనేసి వాడు హాయిగా నిద్రపోయి ఉంటాడు. ఢిల్లీబాబు అది చదివిన రోజు మాత్రం అన్నం సగంలో లేచాడు. మునిలక్ష్మి కంట అది పడకూడదని ఎన్ని తిప్పలు పడ్డాడో!

పడనే పడింది. ఫోన్ల షాపులో పనిచేసే నిస్సీ అనే అమ్మాయి, రీచార్జికి వచ్చిన మునిలక్ష్మితో, "ఆంటీ, అంకుల్ సినిమాకి ఎన్ని కామెంట్లు వచ్చినాయో సూస్తారా" అని ముచ్చటపడి మొదటిదే చదవడం మొదలుపెట్టి, సగంలో నాలిక కరుచుకుంది. మునిలక్ష్మి మిగతాది కూడా చదివించుకుంది. అక్కణ్ణుంచి ఇంటికి రాలేదు, తిన్నగా మురుగేష్ దగ్గరికి పోయింది.

"నా మొగుడికి వచ్చిన రోగాన్ని పట్టుకుని శాపనార్థాలు పెట్టినాడప్పా ఎవుడో," అని వీధి మధ్యలో నిలబడి గుండెలు బాదుకుంది. "ఈ వీధిలో మనుసులు ఉండారా లేదా?"

ఆ మాట చాలు. నగరి మగ్గాల వీధికి ఒక కట్టు ఉంది. ఒక ఇంటిని ఎవరన్నా మాట అంటే వీధిలో మగ్గాలన్నీ ఆగాలి, అందరూ కలిసి కదలాలి. ఒకప్పుడు ఒక బట్టల వ్యాపారి నూలు కండెలు చుట్టే ఆడమనిషిని నోరు జారి ఏదో అంటే నాలుగు రోజులు మగ్గాలు ఆపేశారు. అయిదో రోజు అతనే వచ్చి నడివీధిలో చేతులు జోడించాడు. అలా గెలిచిన వీధి. అందరూ కలిసి ఒక్కసారి చెయ్యి వేస్తే లొంగనిదేదీ లేదని వాళ్ళ నమ్మకం.

మరునాడు పొద్దున పది గంటలకు మగ్గాలు ఆగిపోయాయి. సంఘం షెడ్డులో ఎనభైమంది చేరారు, ఎనభై ఫోన్లు. తిరుపతిలో, పుత్తూరులో, తిరుచానూరులో ఉన్న చుట్టాలకు కూడా కబురెళ్ళింది. ఢిల్లీబాబును పట్టుకొచ్చి ముందు కుర్చీలో కూచోబెట్టారు. ఆయనకు ఇదంతా ఇష్టం లేదు. అయినా ఇంతమంది తన కోసం పని మానుకుని వచ్చారే అని కడుపు నిండిపోయింది.

మురుగేష్ బల్ల ఎక్కి ఫోను పైకి పట్టుకున్నాడు. "అందురూ సినిమా తెరిసినారా? సినిమా కింద వరసగా గుర్తులు ఉండాయి సూడండి. వేలితో పక్కకి తొయ్యండి. జెండా గుర్తు వచ్చిందా? అదే! దాన్ని నొక్కితే ఏం తప్పు సేసినాడని అడుగుతాది. ద్వేషం, తిట్లు అని ఉంటాది, అది కొట్టండి. ఆ నా కొడుకు మళ్ళీ నోరెత్తకూడదు!"

ఢిల్లీబాబు చివాలున తలెత్తాడు. ఎనిమిది నెలలుగా ఆ పేజీలోనే బతుకుతున్న మనిషి. దాంట్లో ఏ గుర్తు ఎక్కడుందో ఆయనకు తెలిసినంత ఆ వీధిలో ఇంకెవరికీ తెలియదు. మాట అన్నవాడి మీద ఫిర్యాదు చేయాలంటే వాడి మాట పక్కనున్న మూడు చుక్కలు నొక్కాలి. ఈ జెండా వాడిది కాదు. ఇది సినిమాది.

లేచి నిలబడి రెండు చేతులూ ఊపాడు. నోరు తెరిచి అరిచాడు. మెడ కింద గుడ్డ టపటపమని కొట్టుకుంది, అంతే. మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. ఆ వీధి అంత నిశ్శబ్దంగా ఉండటం ఎప్పుడో గానీ జరగదు. మామూలు మనిషి గొణిగినా వినపడేది.

గబగబా పలక తీసి 'వద్దు ఆపండి' అని రాశాడు. 'అది సినిమా' అని మొదలుపెట్టే లోపల మురుగేష్ వంగి పలక లాక్కుని పైకెత్తి చూపించాడు.

"సూడండప్పా! వద్దంటా ఉండాడు! తిట్టినోడి మీద కూడా జాలి! ఇట్లాంటి మనిసినా వాడు ఆ మాట అనింది!"

షెడ్డంతా చప్పట్లు. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకున్నారు. ఢిల్లీబాబు మురుగేష్ చొక్కా పట్టుకుని గుంజాడు. మురుగేష్ బల్ల దిగి ఆయన్ను గట్టిగా కావిలించుకుని తనూ ఏడ్చాడు. ఆ కౌగిలిలో నుంచి ఢిల్లీబాబుకు మునిలక్ష్మి కనిపించింది. కొత్త ఫోను కళ్ళ దగ్గరగా పెట్టుకుని, నొక్కాల్సిన చోటు వేలితో వెతుక్కుంటోంది. దొరికింది. నొక్కింది.

జనం పోయాక పలక చేతికొచ్చింది. ఢిల్లీబాబు అంతా రాశాడు. మురుగేష్ చదివి, తన ఫోను తీసి చూసుకుని, ముఖం వెలవెలబోయి నిలబడ్డాడు.

"అబ్బా..." అన్నాడు. తనే సర్దుకుని, "ఏం కాదులే అన్నా. అంత పెద్ద కంపెనీ, మనం నొక్కితే తీసేస్తాదా? దేనికైనా మంచిది, రేపు నిస్సీతో సెప్పి సినిమాని నీ ఫోన్లోకి ఎక్కించి ఇప్పిస్తా. వదినకి మాత్రం సెప్పొద్దు."

నిస్సీ షాపు తెరిచేదాకా సినిమా ఆగలేదు. మరునాడు పొద్దున్నే ఫోనులో చూస్తే నల్లటి తెర, దాని మీద ఈ వీడియో తొలగించబడింది అని ఒక్క ముక్క. ఢిల్లీబాబు మూసి తెరిచాడు. ఫోను ఆర్పి వెలిగించాడు. మేడ మీదకెక్కి సిగ్నల్ కోసం చెయ్యి చాచి నిలబడ్డాడు. అదే నలుపు.

వీధిలో మాత్రం పండగే. "ఆ మాట పోయింది సూసినారా! దెబ్బకి ఊడ్చిపెట్టుకుపోయింది!" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. మురుగేష్ రెండు రోజులు ఆ ఇంటి వైపు రాలేదు.

ఢిల్లీబాబు విజయ్ కుమార్ నంబరు సంపాదించి మెసేజి పెట్టాడు. సాయంత్రానికి జవాబు వచ్చింది. 'నా చానలే మూసేశారు సార్. ఎవడో కక్షకట్టి ఒకే రోజు మూడువందల ఫిర్యాదులు కొట్టించినాడు, వాడి చేతులు పడిపోను. ఆ క్యాసెట్టు బూజు పట్టి ఉండింది, ఎక్కించేటప్పుడే టేపు తెగిపోయింది, పాతసామాన్ల వాడికి వేసేసినాను. నా దగ్గర వేరే కాపీ లేదు. మీకు ఆ సినిమా అంత ఇష్టమా సార్?' ఢిల్లీబాబు మెసేజి చెరిపేశాడు.

మునిలక్ష్మితో నెట్ సరిగా లేదని ఒక రోజు రాశాడు, ఫోను పాడైందని ఇంకో రోజు. మూడో రోజు ఆమె ఫోను తీసుకుని నిస్సీ దగ్గరికి పోయింది. తిరిగొచ్చి చెప్పులు కూడా విడవకుండా ఆయన ఎదురుగా నేల మీద కూచుంది.

"ఫోను బాగానే ఉండాదంట," అంది. "శానామంది ఒకేసారి కొడితే సినిమానే తీసేస్తారంట. నిస్సీ సెప్పింది. మేం నొక్కింది తిట్టినోడి మీదనా, సినిమా మీదనా? నువ్వు ఆ పొద్దు వద్దు వద్దని సేతులు ఊపింది దీనికేనా?" "నేను మొదలుపెట్టినా. నేను కూడా నొక్కినా. నిజం సెప్పు మామా, ఇది నేను సేసిందేనా?"

ఢిల్లీబాబు బలపం తీసుకున్నాడు. గుండ్రంగా రాశాడు. 'కాదు. పాత సినిమా అని కంపెనీవాళ్ళే తీసేసినారు.'

మునిలక్ష్మి పలక ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది. ఆయన ముఖంలోకి చూసింది. మళ్ళీ పలక చూసింది.

"ముప్పై మూడేళ్ళు నీతో కాపురం సేసినా," అంది. "నువ్వు బీడీ తాగలేదని సెప్తే, 'లేదు' అనే కాడ నీ గొంతు ఒక్క పిసరు దిగేది. దాంతో పట్టేసేదాన్ని. ఒక్కసారి కూడా తప్పలే. ఇప్పుడు కాదని రాసిస్తే, ఇది నిజమో అబద్ధమో నాకు ఎట్ల తెలిసేది మామా?"

ఢిల్లీబాబు ఆమె ఒళ్ళో నుంచి పలక తీసుకున్నాడు. కింద మిగిలిన చోటులో మళ్ళీ 'కాదు' అని రాసి ఇచ్చాడు. ఆమె పైనున్న 'కాదు'నూ కిందనున్న 'కాదు'నూ మార్చి మార్చి చూసింది. రెండూ ఒకే మాదిరి ఉన్నాయి.