ఆపకు, నొక్కు

ఆ కోటు బొత్తాలు పట్టవని కోడలికి ముందే తెలుసు. ఆ మాట అత్తగారి మొహం మీద అనే ధైర్యం లేక, ఒక సైజు పెద్దది చేత్తో పట్టుకుని ట్రయల్ రూమ్ బయట నిలబడింది.

"సరిపోయిందా అత్తయ్యా?"

"సరిపోకేం? నేనేమన్నా గున్న ఏనుగునా?"

లోపల హ్యాంగర్ చప్పుడైంది. కాసేపటికి ఏదో బరువైనది తలుపుకి తగిలి, కిందికి జారిన చప్పుడు.

"అత్తయ్యా?"

పలుకు లేదు. అలిగిందేమో అనుకుంది. తలుపు తట్టింది. వంగి కింది సందులోంచి చూస్తే, అత్తగారి చెయ్యి నేల మీద వెల్లకిలా పడి ఉంది. వేలు కూడా కదలడం లేదు.

కోడలు భుజంతో తలుపు నెట్టింది. లోపల గడియ. అది ఊడినా లాభం లేదు. తలుపు లోపలికే తెరుచుకుంటుంది, మనిషేమో దానికే అడ్డంగా పడి ఉంది.

"ఎవరైనా రండి! మా అత్తయ్య పడిపోయింది!"

పక్క గదిలోంచి ఒక నడివయసావిడ బయటికొచ్చింది. కొత్త స్వెటర్ ఒక చేతికే ఎక్కింది, రెండో చెయ్యి వేలాడుతోంది.

"పిలిస్తే పలకట్లేదా?"

"లేదండీ. గడియ వేసుకుంది."

ఆవిడ ఇంకేం అడగలేదు. తన గదిలోకే తిరిగి వెళ్ళి, స్టూలెక్కి, రెండు గదుల మధ్య చెక్క గోడ పట్టుకుని పైకి పాకింది. గోడ కిర్రుమని వంగింది.

"మీద పడతారండీ, జాగ్రత్త!"

"మూలకి దిగుతున్నా."

ధబ్బుమన్న చప్పుడు. కోడలు మళ్ళీ వంగి సందులోంచి చూసింది.

"ఊపిరి లేదు," అంది లోపలి గొంతు. "అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి!"

షాపులో కోటు చేతులు కుదించే దర్జీ అప్పటికే పరిగెత్తుకొచ్చాడు. టేపు మెడలోనే ఉంది. ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, నేల మీద ఉంచాడు. లోపల ఆవిడ మనిషిని పక్కకి ఈడ్చి గడియ తీసింది. ముగ్గురూ కలిసి అత్తగారిని నడవలోకి లాగారు. మొహం బూడిద రంగుకి తిరిగింది. దర్జీ కత్తెర తీసి, బలవంతాన బొత్తాలు బిగించిన కోటుని కింది అంచు నుంచి మెడదాకా కత్తిరించాడు.

"కొత్త కోటు..." అంది కోడలు. అన్నాక తన నోరంటే తనకే రోత పుట్టింది.

స్వెటరావిడ మోకాళ్ళ మీద కూర్చుని ఛాతీ మధ్య రెండు చేతులూ ఆనించి నొక్కసాగింది. ఫోన్లోని గొంతు లెక్క పెడుతోంది. నొక్కినప్పుడల్లా అత్తగారి తల అటూ ఇటూ ఊగుతోంది. చూడలేక కోడలు పక్కకి తిరిగింది.

"నా చేతులు పడిపోతున్నాయి. నువ్వు రా," అందావిడ.

"నాకు చేతకాదండీ."

"నాకూ చేతకాకుండా పోతోంది. రా! ఇక్కడ, మధ్యలో. మోచేతులు వంచకు."

కోడలు నొక్కింది.

"పిండి పిసుకుతున్నావా? గట్టిగా!"

కళ్ళు మూసుకుని బలమంతా వేసింది. చేతుల కింద ఏదో టప్పున విరిగింది. కరెంటు తగిలినట్టు చేతులు వెనక్కి లాక్కుంది.

"విరిగింది! ఎముక విరిగిందండీ!"

"విరగనీ. అది అతుక్కుంటుంది. ఆపకు, నొక్కు!"

నొక్కింది. ఏడుస్తూ, ఒకటీ రెండూ అని లెక్కపెడుతూ నొక్కింది. తను అలిసిపోతే దర్జీ, ఆయన అలిసిపోతే మళ్ళీ ఆవిడ. చుట్టూ చేరినవాళ్ళని దర్జీ "గాలాడనివ్వండి బాబూ" అని కసురుతూనే ఉన్నాడు.

అంబులెన్సు వాళ్ళు వచ్చి, ఛాతీకి పట్టీలు అంటించి, అందరినీ దూరం జరగమన్నారు. కరెంటివ్వగానే శరీరం ఒక్కసారి ఎగిరిపడింది. ఏమీ లేదు. మళ్ళీ నొక్కారు. రెండోసారి కరెంటిచ్చాక, మెడ మీద వేలు పెట్టి చూసిన కుర్ర నర్సు తలెత్తాడు.

"నాడి అందుతోంది."

కోడలు అక్కడే చతికిలబడింది.

వారం తిరిగాక స్వెటరావిడ ఆసుపత్రికి వచ్చింది. బడిలో ఆటలు నేర్పే టీచరట. పక్కటెముకలు విరగ్గొట్టింది ఎవరో ఆవిడే చెప్పింది. అత్తగారు కోడలి వంక ఎగాదిగా చూసింది.

"ఎన్నాళ్ళ కసి తీర్చుకున్నావే!"

కోడలికి ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. అత్తగారు నవ్వబోయి, పక్కలు పట్టుకుని, "నవ్వించకండే, ప్రాణం పోతోంది," అని మూలిగింది.

కోడలు ఆవిణ్ణి సాగనంపడానికి వరండాలోకి వచ్చింది.

"మీరు లేకపోతే... మీకిది అలవాటే అనుకుంటా."

టీచరు తల అడ్డంగా ఊపింది. "ఎప్పుడో రబ్బరు బొమ్మ మీద నేర్పారు. మనిషి మీద ఇదే మొదలు. ఆ రోజు ఇంటికెళ్ళి వాంతి చేసుకున్నా."

"మరి అంత ధీమాగా..."

"నేనూ భయపడుతున్నానని తెలిస్తే నువ్వు నొక్కేదానివా?"